తుల్జాపూర్ నడిచిన కాళ్లకు సముద్రం దూరమా?

పోయిన డిసెంబరులో మన స్కూలు సహల్ ఒక వాటర్ పార్కుకు పోయింది. మనిషికి పద్నాలుగు వందలు. తెల్లవారుజామున నాలుగు గంటలకు బస్సెక్కి, ఎండ ఎక్కేదాకా బస్సులోనే కూర్చుని, సిమెంటు తొట్టిలో మిషను లేపే అలల మీద మూడు గంటలు ఎగిరి, అర్ధరాత్రి దాటాక విడీ ఘర్కుల్‌లో దిగాము. ఆ తొట్టి వెనక గోడకు నీలిరంగు వేసి ఒక బొమ్మ గీశారు. కొబ్బరిచెట్లు, పడవ, సగం మునిగిన సూర్యుడు. మా క్లాసు అమ్మాయి ఒకామె దాని ముందు నిలబడి ఫొటో దిగి "నేను, సముద్రం" అని స్టేటస్ పెట్టుకుంది. అందరం నవ్వాము. ఇంటికొచ్చి పడుకున్నాక నాకు నవ్వు రాలేదు. నలభై మందిమి పోయాము కదా, నిజం సముద్రం చూసినవాళ్లు మాలో ఎంతమంది? మర్నాడు అడిగాను. నలుగురు. అందులో ఇద్దరు ముంబైలో చుట్టాల పెళ్లికి పోయి చౌపాటీ దగ్గర భేల్ తిని వచ్చినవాళ్లు.

నా బెంచీ స్నేహితురాలు ఆ సహల్‌కే రాలేదు. పేరు రాయించింది, రెండో రోజు వాళ్లమ్మ వచ్చి కొట్టేయించింది. పద్నాలుగు వందలంటే ఎన్ని వేల బీడీలో ఆమెకు వేళ్ల మీద లెక్క. ఆమెను నేను తప్పు పట్టను. ఆకు తడపాలి, కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి, మూతి ముడవాలి. వెయ్యి బీడీలు పూర్తి చేసి తీసుకుపోతే అక్కడ బాగోలేవని కొన్ని తీసేస్తారు. అట్లా వచ్చిన డబ్బు సిమెంటు తొట్టికి ఎందుకు పోయాలి? నేనైనా కొట్టేయించేదాన్నే.

నేను ఈ వ్యాసం రాసేది సహల్ వద్దని కాదు. సహల్ మార్చాలని. వచ్చే సంవత్సరం మన స్కూలు సహల్ శ్రీకాకుళం జిల్లా సముద్రతీరానికి పోవాలి. బస్సులో కిటికీ నుంచి చూసి రావడానికి కాదు. నాగావళి నది సముద్రంలో కలిసే కళ్లేపల్లి దగ్గర మొదలుపెట్టి, వంశధార కలిసే కళింగపట్నం దాకా ఇసుక మీద నడవాలి. రమారమి ఇరవై కిలోమీటర్ల పైన ఉంటుంది. రెండు రోజుల్లో ఆడుతూ పాడుతూ నడవచ్చు.

ఇది స్టాఫ్ రూములో చెప్పినప్పుడు ఒక సర్ "గోవా అని అడుగుతారనుకున్నాను, శ్రీకాకుళం ఎక్కడిదమ్మా" అని నవ్వారు. సర్, నాకు మీరంటే గౌరవం. కానీ ఈ నవ్వుకు జవాబు చెప్పాలి.

మహారాష్ట్రకు 720 కిలోమీటర్ల సముద్రతీరం ఉందని మనం భూగోళంలో చదివి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాము. కొంకణ్ బాగుంటుంది, నేను కాదనను. గణపతిపుళే, మాల్వణ్ మనకు దగ్గర కూడా. కానీ డిసెంబరులో అక్కడికి మన రాష్ట్రంలో ఉన్న స్కూళ్లన్నీ పోతాయి. బస్సు నిలపడానికే గంట పడుతుంది. గోవా సంగతి చెప్పనే అక్కరలేదు. ఎక్కడ జనం ఎక్కువో అక్కడ అన్నీ డబ్బు మీదే నడుస్తాయి. కుర్చీకి డబ్బు, గొడుగుకు డబ్బు, గుర్రానికి డబ్బు. మన దగ్గర లేనిది అదే. మన దగ్గర ఉన్నది కాళ్లు.

కాళ్ల మాట వచ్చింది కాబట్టి అమ్మలందరినీ ఒకటి అడుగుతాను. కోజాగిరి పున్నానికి మీరేం చేస్తారు? సోలాపూర్ నుంచి తుల్జాపూర్ నలభై ఐదు కిలోమీటర్లు. రాత్రంతా నడుస్తారు. పోయిన సంవత్సరం మా అమ్మ నడిచింది, మా పక్కింటి అత్త నడిచింది, అరవై దాటిన మా నాయనమ్మ కూడా సగం దూరం నడిచి తర్వాత టెంపో ఎక్కింది. దారి పొడుగునా లారీలు, దుమ్ము. ఎవ్వరూ "ఆడవాళ్లు అంత దూరం ఎట్లా నడుస్తారు" అనలేదు. అదే అమ్మ, సముద్రం ఒడ్డున రోజుకు పది కిలోమీటర్లు నడుస్తామంటే "ఆడపిల్లలకు ఆ నడకలేంది, ఎండకు నల్లబడతరు" అంటుంది. దేవి కోసం నడిస్తే నల్లబడరా? భక్తి ఉంటే కాళ్లకు బలం వస్తుందని నాయనమ్మ అంటుంది. సరే. నాకు సముద్రం మీద భక్తి ఉందనుకోండి.

మన ఇళ్లలో పని ఎట్లాంటిదో చూడండి. అమ్మ పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకుని ఒంగి కూర్చుంటుంది. లేచేటప్పుడు గోడ పట్టుకుంటుంది. నాయన కారఖానాలో మగ్గాల మధ్య పన్నెండు గంటలు నిలబడతాడు, ఇంట్లో మనం మెల్లగా మాట్లాడితే వినపడదు. స్కూలు నుంచి రాగానే మేము కూడా చాట ముందు కూర్చుంటాము, ఆకు కత్తిరించి ఇస్తాము, బీడీల మూతులు ముడుస్తాము. పీటీ పీరియడ్ ఉందంటారా? రెండో యూనిట్ టెస్టు అయినప్పటి నుంచి అది గణితం పీరియడ్ అయిపోయింది. నెలకు ఒకసారి కూడా మేము ఒక మైలు దూరం సూటిగా, ఏ పనీ లేకుండా, ఎవరూ పిలవకుండా నడవము. అబ్బాయిలకు కనీసం క్రికెట్ ఉంది. అమ్మాయిలకు నీళ్ల క్యాను మోసే దూరమే.

ఇక అసలు భయానికి వస్తాను. ఇంట్లో ఈ మాట ఎత్తగానే నాయన అన్నది ఒకటే: "నీళ్లు తీసుకుపోతయి బిడ్డా." నాయన ఊరికే అనలేదు. 2016 ఫిబ్రవరి ఒకటో తారీఖున మురుడ్ సముద్రంలో పూణె కాలేజీ విద్యార్థులు పద్నాలుగు మంది మునిగి చనిపోయారు. పిక్నిక్‌కి పోయినవాళ్లే. ఆ వార్త టీవీలో చూసిన ఏ తల్లీ తండ్రీ మర్చిపోరు. నేను ఆ భయాన్ని చిన్నది చేసి మాట్లాడను.

కానీ ఆ భయం మనకు చెప్పేది ఏమిటి? సముద్రానికి పోవద్దనా? నీళ్లలోకి పోవద్దని. రెండూ వేరు. అల వెనక్కి పోయేటప్పుడు కాలి కింద ఇసుకను లాక్కుపోతుంది. కొన్నిచోట్ల ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహం ఉంటుంది, ఈత వచ్చినవాళ్లను కూడా వదలదు. బంగాళాఖాతం ఆ విషయంలో మంచిది కాదు. అందుకే నా ప్లానులో స్నానం లేదు. ఒక్కరికి కూడా లేదు, సర్లకు కూడా లేదు. చీలమండ దాటి నీళ్లు వస్తే వెనక్కి జరగాలి. ఇది రూలు. అల్లరి చేసేవాళ్లను రాసుకుని మరుసటి రోజు నడకలో మేడం పక్కనే నడిపించాలి, అంతకంటే పెద్ద శిక్ష లేదు. ముందే మెరైన్ పోలీసులకు చెప్పి పెట్టాలి. జాలరుల ఊరి నుంచి ఒక పెద్దమనిషిని వెంట తీసుకోవాలి, ఆయనకు కూలి కట్టి ఇవ్వాలి. ఏ కాలువ దగ్గర ఇసుక మెత్తగా ఉంటుందో, ఏ వేళకు నీరు పైకొస్తుందో ఆయనకు తెలిసినట్టు మన మ్యాపుకు తెలియదు. నిజం చెప్పాలంటే వాటర్ పార్కు తొట్టిలోనే నేను రెండుసార్లు నీళ్లు మింగాను, నన్ను ఎవరూ చూడలేదు.

మరి శ్రీకాకుళమే ఎందుకు? ఒకటి, రైలు. ముంబై నుంచి భువనేశ్వర్ పోయే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ మన సోలాపూర్ స్టేషన్‌లో ఆగుతుంది. రాత్రి ఎక్కితే సికింద్రాబాద్, వరంగల్, విజయవాడ, రాజమండ్రి, విశాఖపట్నం దాటి మరుసటి రోజు రాత్రికి శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దించుతుంది. ఆ స్టేషన్ ఉన్నది ఆముదాలవలసలో. వెయ్యి కిలోమీటర్ల పైన, మధ్యలో బండి మారే పని లేదు. ఆ దారి చూడండి. మన తాతలు మగ్గం పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి సోలాపూర్ వచ్చారు. మనం అదే దారిలో వెనక్కి పోతాము. కానీ ఎప్పుడు పోయినా పెళ్లికో చావుకో వరంగల్ దాకా, సిరిసిల్ల దాకా పోయి తిరిగి వస్తాము. రైలు అక్కడితో ఆగిపోదు కదా. గోదావరి దాటుతుంది. మా నాయనమ్మ గోదావరి చూసింది, "సంద్రం జూడలె" అంటుంది.

రెండు, భాష. ఇది చెప్పడానికి నాకు కొంచెం సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. సోలాపూర్‌లో మన తెలుగు ఇంట్లోది. బజార్లో మరాఠీ, బ్యాంకులో మరాఠీ, హిందీ. తెలుగు మీడియం అని చెప్తే కొందరు "ఇంకా ఆ స్కూళ్లు ఉన్నాయా" అంటారు. హైదరాబాద్ పోతే చుట్టాల పిల్లలు మన మాట విని "మీది మరాఠీ తెలుగు" అని నవ్వుతారు. సహల్ అంటామని, సుట్టీ అంటామని. ఇప్పుడు శ్రీకాకుళం సంగతి చూడండి. వాళ్ల యాసను సినిమాల్లో ఎన్నేళ్లు కామెడీకి వాడుకున్నారో అందరికీ తెలుసు. "ఏటి" అన్నా హాలంతా నవ్వాల్సిందే. నవ్వులపాలైన రెండు తెలుగులు ఒక ఒడ్డున కూర్చుని మాట్లాడుకుంటే ఎట్లా ఉంటుందో నాకు వినాలని ఉంది. బస్సు బోర్డు, దుకాణం బోర్డు, పోలీస్ స్టేషన్ బోర్డు, అన్నీ తెలుగులో ఉన్న ఊళ్లో మా చిన్న తరగతుల పిల్లలు ఒక్కసారైనా నడవాలి. అప్పుడు తెలుగు నేర్చుకుని ఏం లాభమని నన్ను అడగరు.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. ఆ తీరం మనకు బొమ్మ కాదు. అక్కడ కష్టపడేవాళ్లు ఉన్నారు. తండేల్ సినిమా మనలో చాలామంది చూశారు. నాగచైతన్య, సాయిపల్లవి గుర్తుంటారు కానీ అసలు కథ ఎవరిది? శ్రీకాకుళం జిల్లా మత్స్యకారులు సొంత ఊళ్లో పని చాలక గుజరాత్ పోయి అక్కడి బోట్ల మీద చేపలు పడతారు. 2018 నవంబరులో అట్లా వేటకు పోయినవాళ్లను పాకిస్తాన్ పట్టుకుంది. 2020 జనవరిలో ఇరవై మంది వాఘా సరిహద్దు దాటి తిరిగి వచ్చారు. సముద్రం ఇంటి ముందే ఉన్నా ఇంకో రాష్ట్రం సముద్రానికి కూలికి పోవాల్సి వచ్చింది. మన తాతలు ఇంట్లో మగ్గం పెట్టుకుని సోలాపూర్ మిల్లులకు, కారఖానాలకు వచ్చినట్టే కదా ఇది. వాళ్ల పిల్లలు మనలాగే స్కూలుకు పోతుంటారు, నాన్న ఎప్పుడొస్తాడని ఎదురు చూస్తుంటారు. వాళ్లతో ఒక పూట గడపడానికి నేను ఆ ఊరు పోవాలి. గోవాలో మనం టూరిస్టులం. అక్కడ మనం చుట్టాలం అవుతామని నా ఆశ.

నాయన లాంటివాళ్లు వినాల్సింది ఇంకొకటి ఉంది. పొందూరు. ఆ పేరుతో రైల్వే స్టేషన్ కూడా ఉంది, శ్రీకాకుళం రోడ్‌కు దగ్గరే. అక్కడి ఖద్దరుకు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. నేను తప్పు రాయలేదు, చేప దవడే. దాని సన్నని పళ్లు పత్తిలో చెత్తను తీసేసి పోగులను సాపు చేస్తాయి. తీసిన ఏకులు పాడుకాకుండా ఎండిన అరటి బోదెలో దాచుతారు. ఆ పనంతా ఆడవాళ్లది. వాళ్లు చేత్తో తీసే నూలు ఎంత సన్నమంటే గాంధీ గారు ఆ బట్టను చూసి మెచ్చుకున్నారు. ఇది నాయనకు చెప్తే భోజనం మధ్యలో ఆగిపోయి "చేప పండ్లతోనా?" అని రెండుసార్లు అడిగాడు. ముప్పై ఏళ్లుగా సోలాపురి చద్దర్లు, టవళ్లు నేసే మనిషి. ఆయన్ను కూడా సహల్‌కు తీసుకుపోవాలనిపించింది. నేతవాళ్ల పిల్లలకు రంగుల రాట్నం చూపిస్తారు, చేప దవడ చూపించరు. ఇది ఎక్కడి న్యాయం?

దేవుడి దర్శనం లేని సహల్‌కు పంపమనే పెద్దలు కూడా ఉన్నారు. వాళ్ల కోసం రాస్తున్నాను: అరసవల్లి సూర్యదేవుడి గుడి శ్రీకాకుళం పక్కనే ఉంది, శ్రీకూర్మం మనం నడిచే దారికి దగ్గరలోనే ఉంది. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ స్తూపాలు ఉన్నాయి, చరిత్ర సర్ సంతోషిస్తారు. కళింగపట్నంలో ఒకప్పుడు ఓడలు ఆగేవి, ఇప్పుడు లైట్‌హౌస్ ఉంది. ఇవన్నీ చూడొచ్చు. కానీ బస్సు దిగి, ఫొటో దిగి, బస్సెక్కే సహల్‌గా దీన్ని మార్చితే నేను ఒప్పుకోను. నడక తీసేస్తే ఈ ప్లానులో ప్రాణం ఉండదు.

ఎప్పుడు పోవాలన్నది జాగ్రత్తగా చూసుకోవాలి. దివాళీ సుట్టీల్లో పోదామని అందరూ అంటారు. అది తప్పు. ఆ తీరానికి తుఫానులు వచ్చేది ఆ రోజుల్లోనే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని కొట్టింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను నేలకు పడేసింది. మే నెల సుట్టీల్లో ఇసుక కాలుతుంది, ఒడ్డున నీడ ఉండదు. రిపబ్లిక్ డే అయిన తర్వాత జనవరి చివరి వారం మంచిది. ఎండ తక్కువ, ఆకాశం తేటగా ఉంటుంది. ఆ రోజుల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట ఆ తీరానికి వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఆ గుడ్లను ఏరి, కంచె కట్టిన చోట పొదిగించి, పిల్లలను సముద్రంలో వదులుతారు. మన పిల్లలు టార్చిలైట్లు వేసి కేకలు పెట్టకుండా ఉంటే చాలు.

ఇంకో మాట. కొంకణ్‌లో సూర్యుడు సముద్రంలో మునుగుతాడు. అక్కడ సముద్రంలో నుంచి లేస్తాడు. ఇంతకాలం వాటర్ పార్కు గోడ మీద మునిగే సూర్యుణ్ణే చూశాము.

ఇబ్బందులు లేవని నేను అనను. జనం పోని తీరం కాబట్టి హోటళ్లు, బాత్రూములు అడుగడుగునా దొరకవు. అమ్మాయిలకు ఇదే పెద్ద సమస్య, మగ సర్ల ముందు ఎవరూ మాట్లాడరు కాబట్టి నేను రాస్తున్నాను. అందుకే మన హెడ్‌మాస్టర్ గారు అక్కడి హైస్కూలు హెడ్‌మాస్టర్ గారికి ముందుగా ఉత్తరం రాయాలి. వాళ్ల స్కూలు గదుల్లో రెండు రాత్రులు పడుకుంటాము, బాత్రూములు ఉంటాయి. ఇద్దరు మేడంలు తప్పక రావాలి. బియ్యం, పప్పు, కడక్ జొన్నరొట్టెలు, పల్లీల చట్నీ మనమే తీసుకుపోవచ్చు. సోలాపూర్ కడక్ రొట్టె వారమైనా పాడు కాదు. వేరే రాష్ట్రం కాబట్టి విద్యాధికారి అనుమతికి ముందే కాగితాలు పంపాలి. విద్యార్థులకు రైల్వే రాయితీ ఎంత వస్తుందో స్టేషన్‌లో అడగాలి, టికెట్లు రెండు నెలల ముందే తీయాలి.

డబ్బుకు ఒక ఉపాయం ఉంది, అది నాది కాదు, మన అమ్మలదే. భిశీ. గల్లీ గల్లీకి భిశీ నడుస్తుంది కదా, తరగతికి ఒకటి ఎందుకు నడపకూడదు? జూన్‌లో స్కూలు తెరిచిన వారం నుంచి ప్రతి సోమవారం మనిషికి ఇరవై రూపాయలు. జనవరికి ముప్పై వారాలు, ఆరు వందలు. పోయే రైలు ఖర్చుకు దగ్గర దగ్గర సరిపోతుంది. మిగతాది ఇంట్లో అడగాలి. అయినా మొత్తం కలిపితే వాటర్ పార్కు పద్నాలుగు వందలకు కొంచెం అటూ ఇటూ అవుతుంది. అది ఒక్క రోజు, ఇది ఐదారు రోజులు. ఇరవై ఇవ్వలేని పిల్లల పేరు ఎవరూ గట్టిగా చదవకూడదు. లెక్క మేడం దగ్గరే ఉండాలి.

నేను పదో తరగతి. ఈ సహల్ జరిగినా నాకు రాదు, వచ్చే సంవత్సరం నేను ఈ స్కూల్లో ఉండను. మార్చిలో బోర్డు పరీక్ష రాసి వెళ్లిపోతాను. కాబట్టి ఈమె తన కోసం అడుగుతోందని ఎవరూ అనలేరు. మా చెల్లి ఎనిమిదో తరగతి. దాని బెంచీ మీద కూర్చునే అమ్మాయి నా స్నేహితురాలి చెల్లెలు. వాళ్లక్క పేరు కొట్టేసినట్టు దాని పేరు కొట్టేయవద్దని వాళ్లమ్మను అడగడానికి నిన్న నేను వాళ్లింటికి పోయాను. ఆమె చేతిలో బీడీ ఆపకుండా అంతా విన్నది. "నువ్వు చెప్పింది వింటుంటే నాకే పోవాలనిపిస్తుంది" అన్నది. పంపుతాను అనలేదు, పంపను అని కూడా అనలేదు.

ఈ ఆదివారం నుంచి ఎనిమిది, తొమ్మిది తరగతుల అమ్మాయిలము నడక మొదలుపెడుతున్నాము. మొదటి వారం సిద్ధేశ్వర్ చెరువు దాకా, నాలుగు వారాలు అయ్యాక హిప్పర్గా చెరువు దాకా. పొద్దున ఆరు గంటలకు స్కూలు గేటు దగ్గర. నీళ్ల సీసా తెచ్చుకోవాలి, కొత్త చెప్పులు వేసుకుని రావద్దు. అమ్మలు వచ్చినా సంతోషమే, దారి వాళ్లకే బాగా తెలుసు.